బోను ఎలుకకా? ఇల్లాలికా?

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట! ఈ సామెత పుట్టించినవారెవరోగాని ఆడది మాత్రం అయివుండదు. ఎందుకంటారా? ఉట్టి అల్లిందీ ఆడదే, దూలానికి వేలాడదీసిందీ ఆడదే, అందులో పాలకుండా పెరుగుకుండా దాచిందీ ఆడదే. ఎవరి భయానికి? పిల్లి భయానికి, ఎలుక భయానికి. పిల్లి సంగతి సరే, కిందనుంచి ఎగిరి ఎగిరి అలిసిపోయి ఊరుకుంటుంది. ఎలుక అలా కాదు. గోడ ఎక్కి, దూలం మీద నడిచి, ఉట్టితాడు పట్టుకుని తలకిందులుగా దిగి, మూత పక్కకు నెట్టి, పని కానిచ్చుకుని వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. అయినా సామెతలో ఎక్కలేని దద్దమ్మగా మిగిలిపోయింది అమ్మే. ఎక్కి దిగిన ఎలుకను ఎవరూ ఒక్క మాట అనలేదు.

కాలం మారింది. ఉట్లు పోయి ఫ్రిజ్‌లు వచ్చాయి. పెంకుటిళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. ఎలుక మాత్రం ఉంది. ఎలుకతోపాటు ఆ పాత నిందా ఉంది. ‘‘వంటిల్లు శుభ్రంగా ఉంచుకుంటే ఎలుకెందుకొస్తుందీ?’’ పేపరు వెనకనుంచి భర్తగారు ఈ మాటే అంటారు. పండక్కి వచ్చిన అత్తగారు ఈ మాటే అంటారు. చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచు మాటల్లో పెట్టి ఇదే అంటుంది. చివరికి ఎలుకలమందు అమ్మే కొట్టువాడు కూడా పొట్లం కడుతూ, ‘‘కాస్త క్లీనుగా ఉంచుకోండమ్మా’’ అని ఉచితంగా ఒక సలహా పారేస్తాడు. నేనివాళ ఈ ఒక్క మాటతోనే పోట్లాడదలుచుకున్నాను.

ముందు ముద్దాయి ఎవరో చూద్దాం. మన కృష్ణాజిల్లాలో ఎలుక అంటే ఒక్క ఎలుక కాదు. చేలల్లో గట్లు తవ్వి వెన్నులు కోసుకుపోయేది ఒకటి. బొటనవేలంత ఉండే చిట్టెలుక ఒకటి. పునాదుల కింద మట్టి తోడిపోసే పందికొక్కు ఒకటి. ఇంగ్లీషువాళ్ళు ‘బాండికూట్’ అని నోరు తిప్పి పలికే మాట మన తెలుగు పందికొక్కే సుమండీ! ఆ పేరునే ఓడల్లో తీసుకుపోయి ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని మరో జంతువుకు కూడా తగిలించారు. ఈ పందికొక్కుకు తవ్వడం వచ్చినంత బాగా ఎక్కడం రాదు. మన మూడో అంతస్తుకూ, నాలుగో అంతస్తుకూ వచ్చేది వేరే ఘటం. సన్నటి ఒళ్ళు, పెద్ద చెవులు, ఒంటికన్నా పొడుగైన తోక ఉండే ఇంటి ఎలుక. శాస్త్రజ్ఞులు దాన్ని ‘రాటస్ రాటస్’ అంటారు. ఒకసారి చెబితే చాలదనుకున్నారేమో, రెండుసార్లు చెప్పారు.

ఈ ఇంటి ఎలుక పుట్టిల్లు మన భారతదేశమే. ఇక్కడ చెట్ల మీద బతకడం నేర్చి, తరవాత ధాన్యంతోపాటు బళ్ళెక్కి, ఓడలెక్కి లోకమంతా పాకింది. ఎక్కడం దానికి కొత్తగా అబ్బిన విద్య కాదు, వంశంలోనే ఉంది. కాళ్ళకింద గరుకు మెత్తలు, సూదుల్లాంటి గోళ్ళు ఉంటాయి. ఇటుక గోడ, సున్నం రాలిన గోడ, సిమెంటు గోడ ఏదైనా సరే, గోటికి ఆనేంత గరుకు దొరికితే చాలు. సన్నటి తీగ మీద నడిచేటప్పుడు తోకను అటూ ఇటూ తిప్పుకుంటుంది, తాడు మీద నడిచే గారడీపిల్ల చేతిలో గడకర్రలాగ. నాలుగంగుళాల గొట్టం లోపల వీపు ఒక పక్కకూ, కాళ్ళు మరో పక్కకూ ఆనించి నిలువునా పైకి పోతుంది. గొట్టం బయటనుంచైతే కావలించుకుని ఎక్కుతుంది. ఎగిరితే ఇంచుమించు మూడడుగులు. యాభై అడుగుల ఎత్తునుంచి జారిపడినా ఒళ్ళు దులుపుకుని పోగలదని లెక్కలు తేల్చారు. తలకాయ పట్టేంత సందు దొరికితే ఒళ్ళంతా దాని వెనకే వచ్చేస్తుంది. ఆ సందు రూపాయిబిళ్ళంత ఉంటే చాలు.

ఇప్పుడు చెప్పండి. ఇంతటి విద్వాంసుడు పనిగట్టుకుని నాలుగో అంతస్తు ఎక్కి వచ్చింది మన స్టౌ కింద రాలిన రెండు అన్నం మెతుకుల కోసమేనా? మెతుకులు కింద చెత్తకుండీలో కావలసినన్ని ఉన్నాయి. దానికి రోజుకు కావలసింది గుప్పెడు గింజలకన్నా తక్కువే. పైకి వచ్చేది దారి ఉంది కనక వస్తుంది. గూడు కట్టుకోవడానికి చీకటి ఉంది కనక ఉంటుంది. ఆ దారి వేసింది ఎవరు? ఆ చీకటి మిగిల్చింది ఎవరు?

మన బెజవాడనే చూడండి. లబ్బీపేటలో, మొగల్రాజపురంలో, పటమటలో, సత్యనారాయణపురంలో డాబాలూ పెంకుటిళ్ళూ పడగొట్టి అయిదంతస్తుల మేడలు లేపారు. రెండు మేడల మధ్య చెయ్యి చాస్తే అవతలి కిటికీ అందేంత దూరం. ప్రతి మేడకూ వెనకవైపు చీకటి నుయ్యిలాంటి షాఫ్టు ఒకటి. అందులో కిందనుంచి పైదాకా గొట్టాల వరసలు. వంటింటి గొట్టం, బాత్‌రూము గొట్టం, వాననీటి గొట్టం, ఏసీ గొట్టం. గొట్టం గోడలోంచి వచ్చేచోట మేస్త్రి కొట్టిన కన్నం గొట్టంకంటే రెండింతలు ఉంటుంది. దాన్ని పూడ్చాలన్న ఆలోచన ఏ ఇంజనీరుకూ రాదు. ముందువైపు చూస్తే కరెంటు తీగలు, కేబుల్ తీగలు, ఇంటర్నెట్ తీగలు జడలు విప్పుకుని ఈ మేడనుంచి ఆ మేడకు వేలాడుతుంటాయి. పిట్టగోడ మీదికి వాలిన మామిడికొమ్మ ఒకటి, బాదంకొమ్మ ఒకటి. చెట్ల మీద పెరిగిన జాతికి ఇంతకన్నా ఏం కావాలి? దాని లెక్కలో మన అపార్టుమెంటు కూడా ఒక పెద్ద చెట్టే. కొమ్మలు మనం సమకూర్చాం, తొర్రలు మనం మిగిల్చాం. ఎక్కింది కనక ఎలుక దొంగ, ఎక్కనిచ్చింది కనక ఇల్లాలు దోషి! నిచ్చెన వేసినవాడు మాత్రం ఫ్లాటు అమ్ముకుని వెళ్ళిపోయాడు.

మా అపార్టుమెంటులో ఈ మధ్య దీనిమీద ఒక సమావేశం జరిగింది. పదిమంది మగవాళ్ళు కుర్చీలు వేసుకుని గంటసేపు చర్చించి, ఆడవాళ్ళు రాత్రిపూట అంట్లు సింకులో ఉంచకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. షాఫ్టు తలుపుకు వలకొట్టించే సంగతి నిధులు లేవని వాయిదా పడింది. రెండు వారాలు తిరిగేసరికి సెల్లారులో ఒక పెద్దమనిషిగారి కొత్తకారు వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం! నిధులు ఎక్కడనుంచి ఊడిపడ్డాయోగాని ఊడిపడ్డాయి. నేను గమనించింది ఒక్కటే. ‘‘కారు శుభ్రంగా ఉంచుకుంటే ఎలుకెందుకొస్తుందండీ?’’ అని ఆ పెద్దమనిషిని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద. ఆ మర్యాద వంటింటిదాకా ఎందుకు రాదో అదే నాకు అర్థం కాదు.

పట్నంవాళ్ళకు తెలియదులే అని సరిపెట్టుకుందామంటే, పక్కనే పల్లెలో ఈ సంగతి చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. గుడివాడవైపో, అవనిగడ్డవైపో వెళ్ళి వరిరైతును అడగండి. ఎలుకలు పిలక కొట్టేశాయని అతను భార్యమీద విరుచుకుపడడు. పక్కచేనివాణ్ణి పిలుస్తాడు. ఎందుకంటే తనొక్కడే మందు పెడితే తన ఎలుకలు చస్తాయి, వారం తిరక్కుండా పక్కచేని ఎలుకలు వచ్చి ఖాళీ బొరియల్లో కాపురం పెడతాయి. అందుకే వ్యవసాయశాఖవారు సామూహిక ఎలుకల నిర్మూలన అని పెడతారు. ఊరుఊరంతా ఒకేసారి బొరియలన్నీ మూసి, మర్నాడు మళ్ళీ తెరుచుకున్నవాటిలో ఎలుక ఉన్నట్టు లెక్కగట్టి, వాటిలోనే మందు ఎర పెడతారు. గట్లు లావుగా ఉంటే బొరియలు ఎక్కువ కనక సన్నగా చెక్కిస్తారు. ఎలుకలు పట్టడంలో ఆరితేరిన యానాదులను పిలిచి బుట్టలు పెట్టిస్తారు, ఊదర పెట్టిస్తారు, తోకకు ఇంతని లెక్కగట్టి డబ్బిస్తారు. అంటే పొలంలో ఎలుక ఊరి సమస్య. అదే ఎలుక ఇంట్లోకి వస్తే ఒక్క ఇల్లాలి సమస్య! గట్టు దాటితే న్యాయం మారిపోతుందా?

కొబ్బరితోట చూడండి. ఇంటి ఎలుక కొబ్బరిచెట్టెక్కి మొవ్వులో గూడు కట్టుకుంటుంది. లేతకాయలకు ముచ్చిక దగ్గర కన్నంపెట్టి నీళ్ళు తాగి, కాయ కింద రాల్చేస్తుంది. తెలిసిన రైతు ఏం చేస్తాడు? చెట్టు కింద ఊడిపించి ఊరుకోడు. మనిషెత్తున కాండం చుట్టూ నున్నటి తగరపురేకు కడతాడు. నున్నటి రేకు మీద గోరు ఆనదు, ఎలుక జారిపోతుంది. ఒక చెట్టు మట్ట ఇంకో చెట్టును తాకుతుంటే రేకు కట్టినా లాభం లేదని కూడా అతనికి తెలుసు, కొమ్మనుంచి కొమ్మకు దాటేస్తుంది కనక. ఓడలవాళ్ళదీ ఇదే తెలివి. రేవులో ఓడను కట్టేసిన మోకులకు పళ్ళేల్లాంటి గుండ్రటి రేకులు తొడుగుతారు. ఎలుకలు మోకు పట్టుకుని ఓడలోకి పాకకుండా అది అడ్డు. అంతేగాని, ఓడలో వంటవాణ్ణి పిలిచి నీ పొయ్యి శుభ్రంగా లేదని తిట్టి ఊరుకోరు. అంతదాకా ఎందుకు, కెనడాలో ఆల్బర్టా అని ఒక రాష్ట్రం ఉంది. 1950 నుంచి అక్కడి ప్రభుత్వం సరిహద్దు పొడుగునా కాపలా పెట్టి, పక్క రాష్ట్రంనుంచి ఎలుకలు వచ్చి స్థిరపడకుండా ఆపుతూ వచ్చింది. అది ఇల్లాళ్ళ చీపుర్లతో అయిన పని కాదు. జీతాలు తీసుకునే మనుషులూ, చట్టమూ కలిసి చేసిన పని.

ఇదంతా వంటింటి కబురని నవ్వేసేవాళ్ళకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. నవ్వు ఆగిపోతుంది. 2015 ఆగస్టులో, విజయవాడనుంచి చికిత్సకోసం గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకువెళ్ళిన పదిరోజుల పసికందును ఎలుకలు కొరికాయి. బిడ్డ చనిపోయాడు. ఉన్నది ఎక్కడో వరండాలో కాదు, ప్రాణాపాయంలో ఉన్న పిల్లలను ఉంచే వార్డులో. అక్కడ ఏ ఇల్లాలు వంటిల్లు తుడవలేదని అందాం? ఏ కోడలు అంట్లు సింకులో వదిలేసిందని అందాం? కన్నతల్లి బిడ్డను డాక్టర్ల చేతుల్లో పెట్టింది. ఎలుకకు గోడలెక్కడం వచ్చు, సందుల్లో దూరడం వచ్చు అన్నది ఆ రోజు కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. తెలిసిన విషయమే. తెలిసిన ప్రమాదానికి అడ్డు కట్టకపోవడాన్ని విధి అనకూడదు. ‘ఎలుకలు మహా తెలివైనవండీ, ఏం చేస్తాం’ అనేమాట నాకు ఒళ్ళు మండేది ఇందుకే. ఎలుక తెలివి ఎలుకకు ఉంది. మన తెలివి ఏమైంది?

వరదలప్పుడూ ఇంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు మనుషులు మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. బొరియలు నీళ్ళపాలైతే ఎలుకలు ఎక్కవలసిందీ పైకే. నీళ్ళు తీశాక ఇంట్లో బురద ఎత్తిపోసేది ఎవరు? చీరకుచ్చెళ్ళు దోపుకుని వట్టికాళ్ళతో దిగేది మనమే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలోంచి, బురదలోంచి కాళ్ళ పగుళ్ళగుండా వచ్చే జ్వరం ఒకటుంది, లెప్టోస్పైరోసిస్ అంటారు. ముదిరితే మూత్రపిండాలూ, కాలేయమూ దెబ్బతింటాయి. నిందా మనకే, జ్వరమూ మనకే అన్నమాట.

ఇక మందుల సంగతి. భర్తగారు ఒక మాట అని ఆఫీసుకు వెళతారు. ఈవిడ అవమానం దిగమింగుకుని కొట్టుకు వెళ్ళి ఒక ట్యూబు కొని తెస్తుంది. పచ్చభాస్వరం కలిపిన పేస్టు. టొమాటో ముక్కకు పూసి స్టౌ కింద పెడుతుంది. ఎలుక మహా అనుమానపు పక్షి. కొత్త వస్తువు కనిపిస్తే రోజుల తరబడి దాని చుట్టుపక్కలకు పోదు. ఒకసారి నాకి కడుపులో తేడా చేస్తే ఆ రుచిని మళ్ళీ ముట్టదు. పాకే పసివాడికి ఆ అనుమానం లేదు. అది ఒంట్లోకి పోతే ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, తరవాత కాలేయాన్ని తినేస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. అమ్మలారా, ఆ ట్యూబును గుమ్మం దాటనివ్వకండి. ఎవరేమన్నా సరే.

‘అయితే ఏమిటమ్మా, ఇల్లు పెంటపోగు చేసుకోమంటావా?’ అని ఒక పెద్దావిడ అడగనే అడుగుతారు. అయ్యో, ఎందుకంటాను పిన్నిగారూ! పప్పులూ బియ్యమూ మూత గట్టి డబ్బాల్లో పెట్టుకోవలసిందే. తినేవి రాత్రి తెరిచి ఉంచకూడదు. అట్టపెట్టెలూ పాతపేపర్లూ అటక మీద ఏళ్ళ తరబడి పేర్చకూడదు, అది ఎలుకకు పురిటిగది. మూడు వారాలకే ఈని, ఒక్కో కాన్పుకు ఆరేడు పిల్లలను పెడుతుంది మరి. శుభ్రత కావాలి, ఎవరు కాదన్నారు? శుభ్రంగా ఉన్న ఇంట్లో ఎలుక నిలవడం కష్టమవుతుంది, నిజమే. కాని రావడం మాత్రం ఆగదు. ఆపాలంటే దారి మూయాలి. చీపురుకు ఆ దారి అందదు. గొట్టం చుట్టూ కన్నం పూడ్చడం చీపురుతో అయ్యే పనేనా?

ఇంకో తమాషా చూడండి. 2021లో స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన విజయవాడకు దేశం మొత్తంమీద మూడో స్థానం వచ్చింది. సంతోషం, నేనూ గర్వపడ్డాను. తెల్లారుజామున వీధులూడ్చే ఆడకూలీలూ, ఇంటింటా చెత్త ఇచ్చిన ఇల్లాళ్ళూ లేకుండా ఆ బహుమతి వచ్చిందా? బహుమతి వచ్చినప్పుడు ఊరు గొప్పది. ఎలుక వచ్చినప్పుడు ఇల్లాలు చెడ్డది! శుభ్రతకు పేరు ఊరుమ్మడిదైతే, ఎలుకకు బాధ్యత కూడా ఊరుమ్మడిదే కావద్దూ?

అందుచేత నేను చెప్పొచ్చేదేమిటంటే, మనం సంజాయిషీలు చెప్పడం మానేసి ప్రశ్నలు అడగడం మొదలుపెడదాం. ఇల్లు కొనేటప్పుడు టైల్సు రంగు చూసి మురిసిపోకుండా షాఫ్టులోకి తొంగిచూడండి. గొట్టాలు గోడలోంచి వచ్చేచోట సిమెంటు, దాని లోపల ఇనపపీచు కూరారా అని అడగండి. వెంటిలేటరుకు వేసిన ఇనపవలలో కన్నం పావంగుళం మించకూడదు. ప్లాస్టిక్ వల వద్దు, దానికి అది అప్పడంతో సమానం. బయటి గొట్టాలకు కొబ్బరిచెట్టుకు కట్టినట్టు రేకుగొడుగులు కట్టించమనండి. పిట్టగోడను తాకే కొమ్మలు గజం దూరానికి కొట్టించమనండి. తలుపు కింద సందుకు రేకు వేయించమనండి. చెత్తడబ్బాలకు మూతలుండాలనండి. మందు పెట్టినా, బోన్లు పెట్టినా అన్ని ఫ్లాట్లవాళ్ళూ, పక్క మేడవాళ్ళూ ఒకే వారంలో పెట్టాలనండి, వరిచేలో చేసినట్టు. ఇంకో మాట. ఈ సంగతులు తేల్చే సమావేశానికి ఉప్మా కాఫీలు అందించడానికి కాదు, కుర్చీ వేసుకుని కూర్చోవడానికి వెళ్ళండి.

ఇకమీదట ఎవరైనా పేపరు వెనకనుంచి, ‘‘వంటిల్లు శుభ్రంగా ఉంచుకుంటే ఎలుకెందుకొస్తుందీ?’’ అన్నారనుకోండి. కోపం తెచ్చుకోకండి, కన్నీళ్ళు అసలే వద్దు. ఒక టార్చిలైటూ, ఒక గజం ఇనపవలా, కాస్త సిమెంటూ తెచ్చి వారి చేతిలో పెట్టండి. షాఫ్టు తలుపు తీసి చూపించండి. ‘‘అదుగోనండీ, అది వచ్చే దారి అది. వెళ్ళి మూసి రండి, ఈలోగా కాఫీ కలుపుతాను’’ అనండి. ఎలుకకు పెట్టవలసిన బోనులో మనం నిలబడింది చాలు.